ఎల్‌జీఏ 1700, ఏఎం5, ఎఫ్‌పీ7: ప్రాసెసర్ కోడ్‌లు చదవడం, వాటిని బట్టి కంప్యూటర్ ఎంచుకోవడం

బెంగళూరు తెలుగువాళ్ల వాట్సాప్ గ్రూపుల్లో తరచూ ఇలాంటి మెసేజ్ ఒకటి కనిపిస్తుంది: "ఐ7 పీసీ, 16 జీబీ ర్యామ్, 512 ఎస్‌ఎస్‌డీ, కండిషన్ సూపర్, మారతహళ్లి పికప్." ధర చూస్తే ఎవరికైనా ఆశ పుడుతుంది. కింద నలుగురు "లాస్ట్ ప్రైస్ ఎంత బ్రో?" అని అడుగుతారు. ఏ సాకెట్ (మదర్‌బోర్డు మీద ప్రాసెసర్ కూర్చునే గూడు) అని అడిగేవాళ్లు మాత్రం చాలా అరుదు.

ఐ7 అని ఊరుకుంటే "రావుగారి అబ్బాయి" అని చెప్పి ఊరుకున్నట్టే. ఏ ఊరి రావుగారు? ఎన్నో అబ్బాయి? 2011లో వచ్చిన ఐ7-2600 కూడా ఐ7నే, 2023లో వచ్చిన ఐ7-14700కే కూడా ఐ7నే. మొదటిదానికి 4 కోర్లు, రెండోదానికి 20. మొదటిది ఎల్‌జీఏ 1155 సాకెట్‌లో కూర్చుంటుంది, రెండోది ఎల్‌జీఏ 1700లో. ఆ ఒక్క కోడ్ తెలిస్తే చాలు, ఆ పెట్టె ఏ కాలానిది, అందులో ఏ ర్యామ్ పడుతుంది, విండోస్ 11 ఎక్కుతుందా, రెండేళ్ల తర్వాత ప్రాసెసర్ ఒక్కటే మార్చుకోవచ్చా అన్నవి చాలావరకు తేలిపోతాయి. అందుకే కొత్తది కొంటున్నా పాతది కొంటున్నా నేను మొదట చూసేది సాకెట్టే. ఐ5నా, ఐ7నా, రైజెన్ 5నా అన్నది ఆ తర్వాత.

అక్షరాలు ఏం చెబుతాయి, అంకెలు ఏం చెబుతాయి

ఎల్‌జీఏ అంటే ల్యాండ్ గ్రిడ్ అర్రే. ఇందులో పిన్నులు మదర్‌బోర్డు మీదుండే సాకెట్‌లో ఉంటాయి. ప్రాసెసర్ అడుగున చదునైన బంగారు రంగు చుక్కలే కనిపిస్తాయి. పీజీఏ, అంటే పిన్ గ్రిడ్ అర్రే, దీనికి తలకిందులు: పిన్నులు ప్రాసెసర్‌కే ఉంటాయి, సాకెట్‌లో రంధ్రాలుంటాయి. బీజీఏలో అసలు సాకెట్టే ఉండదు. చిప్పును చిన్న టంకం ఉండలతో బోర్డుకే అతికించేస్తారు. ఇప్పటి ల్యాప్‌టాప్‌లు, మినీ పీసీలు దాదాపు అన్నీ ఈ రకమే.

ఇంటెల్ పద్ధతిలో అక్షరాల పక్కనుండే అంకె ఎన్ని స్పర్శ బిందువులున్నాయో చెబుతుంది. ఎల్‌జీఏ 1700 అంటే 1700 బిందువులు. ఇంటెల్ సైట్‌లో ఎఫ్‌సీఎల్‌జీఏ 1700 అని ఉంటే కంగారు పడక్కర్లేదు. ఎఫ్‌సీ అంటే ఫ్లిప్ చిప్, చిప్పును బోర్లా తిప్పి అమర్చారని మాత్రమే. సాకెట్ అదే.

అంకె పెద్దదైతే కొత్తది అనుకోవడం మామూలుగా చేసే పొరపాటు. ఎల్‌జీఏ 1366 వచ్చింది 2008లో. 1156 వచ్చింది 2009లో. ఆ తర్వాత 2011లో 1155, 2013లో 1150, 2015లో 1151. అంటే అంకె తగ్గుతూ, మళ్లీ పెరుగుతూ వచ్చింది. ఇక 2020లో 1200, 2021లో 1700, 2024లో 1851. ఈ వరుస ఒక్కటి ఫోన్‌లో రాసిపెట్టుకుంటే బెంగళూరు కంప్యూటర్ షాపుల వీధి ఎస్పీ రోడ్డులో ఏ కౌంటర్ ముందైనా ధైర్యంగా నిలబడవచ్చు.

ఏఎండీ లెక్క వేరు. ఏఎం4, ఏఎం5 అన్నవి బిందువుల సంఖ్యలు కావు, తరాల పేర్లు. ఏఎం4 పీజీఏ, 1331 పిన్నులు. ఏఎం5 ఎల్‌జీఏ, 1718 బిందువులు. ఎఫ్‌పీ, ఎఫ్‌టీతో మొదలైతే ల్యాప్‌టాప్ ప్యాకేజీ. టీఆర్ అని కనిపిస్తే థ్రెడ్‌రిప్పర్, ఎస్‌పీ అని కనిపిస్తే సర్వర్ చిప్పు. ఈ చివరి రెండూ ఇంటి కంప్యూటర్‌కు అక్కర్లేదు.

మీ దగ్గర ఇప్పటికే ఉన్న కంప్యూటర్‌లో సాకెట్ ఏదో తెలియాలంటే సీపీయూ-జెడ్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ వేసుకుని "ప్యాకేజ్" అన్న గడి చూడండి. విండోస్ టాస్క్ మేనేజర్‌లో కూడా "సాకెట్స్: 1" అని కనిపిస్తుంది. దాన్ని చూసి మోసపోకండి, బోర్డు మీద ఎన్ని ప్రాసెసర్లున్నాయో చెప్పే లెక్క అది, అంతే.

పాత కంప్యూటర్ కొనేవాళ్లకు: 1151 అనే తిరకాసు

బెంగళూరులో ఐటీ కంపెనీలు వదిలించుకున్న డెల్, హెచ్‌పీ, లెనోవో ఆఫీసు డెస్క్‌టాప్‌లు రీఫర్బిష్డ్ పేరుతో బోలెడన్ని దొరుకుతాయి. ఊళ్లో ఇంటర్, డిగ్రీ చదివే తమ్ముడికో చెల్లికో పంపడానికి ఇవి మంచి బేరమే. అయితే వీటిలో ఎక్కువగా ఎదురయ్యే సాకెట్ ఎల్‌జీఏ 1151, ఆ ఒక్క పేరు వెనక రెండు వేర్వేరు లోకాలున్నాయి.

2015లో వచ్చిన మొదటి 1151లో 6, 7 తరాల ప్రాసెసర్లు పనిచేస్తాయి. 2017లో 8వ తరం తెచ్చినప్పుడు ఇంటెల్ బిందువుల సంఖ్య మార్చలేదు, వాటిలో కొన్ని చేసే పని మాత్రం మార్చింది. దాంతో 8, 9 తరాల ప్రాసెసర్లకు 300 సిరీస్ చిప్‌సెట్ (బోర్డు మీదుండే సహాయక చిప్పు) ఉన్న బోర్డే కావాలి. పాత హెచ్110 బోర్డులో ఐ5-8400 పెడితే చక్కగా కూర్చుంటుంది, మూత కూడా పడుతుంది, కంప్యూటర్ మాత్రం ఆన్ అవదు. సాకెట్ పేరు ఒకటే కదా అని బోర్డు ఒకచోట, ప్రాసెసర్ ఒకచోట కొంటే ఇలాగే అవుతుంది.

ఇక్కడే విండోస్ గీత కూడా పడింది. విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ సాధారణ సపోర్ట్ 2025 అక్టోబర్ 14తో ముగిసింది. విండోస్ 11కి అధికారికంగా కావాల్సింది ఇంటెల్‌లో 8వ తరం నుంచి, ఏఎండీలో రైజెన్ 2000 సిరీస్ నుంచి. ఏవో కొన్ని పాత 7వ తరం చిప్పులకు మినహాయింపు ఉన్నా, మనకు దొరికే ఆఫీసు డెస్క్‌టాప్‌లలో అవి ఉండవనే అనుకోండి. అంటే మొదటి 1151 గీతకు అవతల, రెండో 1151 ఇవతల. డెల్ ఆప్టిప్లెక్స్‌లో అయితే 3050 మోడల్ 6, 7 తరాలది, 3060 మోడల్ 8వ తరానిది. రెండింటి డబ్బా చూస్తే పెద్ద తేడా తెలియదు. ధరలో కాస్త తేడా ఉన్నా 3060 వైపే వెళ్లమంటాను. 3050ని లైనక్స్ వేసుకునేవాళ్లకు వదిలేయండి.

షాపుల్లో సాకెట్ పేరు కంటే చిప్‌సెట్ పేరే ఎక్కువ నడుస్తుంది. "హెచ్61 కాంబో (బోర్డు, ప్రాసెసర్ కలిపి) ఇస్తాను సార్" అంటే అది 1155, అంటే 2, 3 తరాల కాలం. హెచ్81 అంటే 1150. హెచ్110 మొదటి 1151, హెచ్310 రెండో 1151. హెచ్410, హెచ్510 రెండూ ఎల్‌జీఏ 1200వే, కానీ 11వ తరం ప్రాసెసర్ పెట్టాలనుకుంటే హెచ్510 అడగండి. అసలైన హెచ్410 చిప్‌సెట్‌కు 10వ తరమే గతి. హెచ్610 అంటే 1700, హెచ్810 అంటే 1851. హెచ్61, హెచ్81 కాంబోలు ఎంత చవకగా ఇచ్చినా నేను వద్దనే అంటాను. వాటిలో పడేది డీడీఆర్3 ర్యామ్, రేపు మరో కంప్యూటర్‌కు అది ఎందుకూ పనికిరాదు.

ఎక్స్79, ఎక్స్99 అనే పేర్లతో కొత్తగా తయారైన బోర్డుల మీద పాత సర్వర్ జియాన్ ప్రాసెసర్లు పెట్టి అమ్మే కాంబోలు కూడా ఉన్నాయి. "14 కోర్లు సార్" అంటే మనసు లాగుతుంది. వీటిలోనూ పేరు దగ్గర జాగ్రత్త కావాలి: ఎల్‌జీఏ 2011 వేరు, 2011-3 వేరు. జియాన్ ఈ5 మొదటి తరం, వీ2 చిప్పులు మొదటిదానివి, వీ3, వీ4 రెండోదానివి. ఒకదానిది ఇంకోదానిలో పట్టదు. కరెంటు ఎక్కువ తాగుతాయి, లోపల గ్రాఫిక్స్ ఉండదు, పైగా ఒక్కో కోర్ వేగం ఇప్పటి ఐ3 కంటే తక్కువ. వర్చువల్ మెషీన్లు నడిపి నేర్చుకునే సరదా ఉన్నవాళ్లకు సరే, మిగతావాళ్లు వదిలేయడమే మంచిది.

కొత్తది కడుతుంటే: నాలుగు దారులు

ఏఎం4 కథ ముచ్చటైనది. 2017 మార్చిలో మొదటి రైజెన్‌తో జనంలోకి వచ్చిన ఈ సాకెట్‌కు ఏఎండీ ఏళ్ల తరబడి కొత్త ప్రాసెసర్లు ఇస్తూనే వచ్చింది. 2022లో పాత ఏ320, బీ350 బోర్డులకు కూడా రైజెన్ 5000 సిరీస్ నడిపే వీలు బయోస్ (బోర్డులోనే ఉండే సాఫ్ట్‌వేర్) అప్‌డేట్‌తో కల్పించింది. ఆ రోజుల్లో రైజెన్ 5 1600 కొన్న మనిషి, బోర్డు కంపెనీ ఆ అప్‌డేట్ ఇచ్చి ఉంటే, అదే బోర్డు మీద 5700ఎక్స్ పెట్టుకోవచ్చు. ఇదే కాలంలో ఇంటెల్ వైపు వెళ్లినవాళ్లు 1151, మళ్లీ ఇంకో 1151, 1200, 1700, 1851 అని బోర్డు మీద బోర్డు మార్చాల్సి వచ్చింది. సాకెట్ పేరుకు డబ్బు విలువ ఉంటుందని నమ్మించడానికి ఇంతకన్నా ఉదాహరణ అక్కర్లేదు.

అందుకని మీ దగ్గర ఇప్పటికే ఏఎం4 బోర్డు, డీడీఆర్4 ర్యామ్ ఉంటే, మొత్తం కంప్యూటర్ మార్చే ఆలోచన పక్కన పెట్టి ప్రాసెసర్ ఒక్కటే మార్చండి. ముందు బయోస్ అప్‌డేట్ చేసి, ఆ తర్వాతే పాత ప్రాసెసర్ తీయండి. ఈ వరుస తప్పితే కొత్తది పెట్టాక స్క్రీన్ రాదు, టెన్షన్ మిగులుతుంది. తలకిందుల ఇబ్బంది కూడా ఒకటుంది: బీ550, ఏ520 బోర్డులు మొదటి రెండు తరాల రైజెన్‌లకు సపోర్ట్ ఇవ్వవు. పాత ప్రాసెసర్ ఉంచుకుని కొత్త బోర్డు కొందామనుకునేవాళ్లు ఇది చూసుకోవాలి. ఏమీ లేనిచోట మొదటి నుంచి కట్టేవాళ్లకు మాత్రం ఏఎం4 ఇప్పుడు దారి చివర ఉన్న సాకెట్. బడ్జెట్ మరీ బిగుతుగా ఉండి, పాత డీడీఆర్4 ర్యామ్ చేతిలో ఉంటేనే.

ఏఎం5 2022 సెప్టెంబర్‌లో వచ్చింది. డీడీఆర్5 ర్యామ్ మాత్రమే పడుతుంది, అందుకే మొదటి ఖర్చు కాస్త ఎక్కువ. కానీ 2027 వరకు, ఆపైన కూడా ఈ సాకెట్‌ను కొనసాగిస్తామని ఏఎండీ చెప్పింది. 7000, 8000, 9000 సిరీస్‌లు ఇప్పటికే ఒకే సాకెట్‌లో నడుస్తున్నాయి. ఈరోజు 7600తో మొదలుపెట్టి, ఉద్యోగం స్థిరపడ్డాక 9800ఎక్స్3డీ లాంటిది పెట్టుకోవచ్చు. కొత్తగా కట్టే ఎక్కువమందికి నా మొదటి సలహా ఇదే. మూడు నాలుగేళ్లు ఆపకుండా వాడదామనుకునేవాళ్లు బోర్డు దగ్గర మరీ పీనాసితనం చేయకండి, అన్నిటికన్నా చవకైన ఏ620 కంటే ఓ మోస్తరు బీ650 నయం. 8000జీ సిరీస్ గురించి ఒక మాట. లోపలి గ్రాఫిక్స్‌తోనే సరిపెట్టుకునేవాళ్లకు అవి భేషుగ్గా ఉంటాయి. తర్వాత పెద్ద గ్రాఫిక్స్ కార్డు పెట్టాలనుకుంటే 8500జీ వద్దు, అది కార్డుకు నాలుగు లేన్లే (డేటా వెళ్లే దారులు) ఇస్తుంది.

ఎల్‌జీఏ 1700 ఇంకా చవకైన దారి. 12, 13, 14 మూడు తరాలూ ఇందులోనే. బోర్డును బట్టి డీడీఆర్4 అయినా డీడీఆర్5 అయినా దొరుకుతుంది, రెండూ ఒకే బోర్డులో కలిపి వాడలేరు. ఏదో తెలియాలంటే బోర్డు పేరు చివర "డీ4" లేదా "డీడీఆర్4" ఉందేమో చూడాలి. కోడింగ్, ఆఫీసు పని, అప్పుడప్పుడు గేమ్స్ అంటే ఐ5-12400 ఈరోజుకీ లాగేస్తుంది. పేరు చివర ఎఫ్ ఉంటే లోపల గ్రాఫిక్స్ ఉండదని గుర్తుంచుకోండి. ఐ3-12100ఎఫ్ చవగ్గా వస్తోందని తీసుకెళ్లి, గ్రాఫిక్స్ కార్డు లేకపోతే మానిటర్ మీద ఏమీ రాదు.

ఈ సాకెట్‌లో సెకండ్ హ్యాండ్ 13, 14 తరాల ఐ7, ఐ9లు కొనేటప్పుడు మాత్రం నేను ఒకటికి రెండుసార్లు ఆలోచిస్తాను. ఎక్కువ వోల్టేజీ వల్ల కాలక్రమేణా చిప్పు దెబ్బతిని కంప్యూటర్ క్రాష్ అయ్యే సమస్యను ఇంటెల్ 2024లో స్వయంగా ఒప్పుకుంది. ఆ ఆగస్టులో మైక్రోకోడ్ (ప్రాసెసర్‌ను లోపల నడిపే కోడ్) సవరణను బయోస్ అప్‌డేట్ రూపంలో ఇచ్చింది, ఐ5-13600కే నుంచి పైకి చాలా మోడళ్లకు వారంటీ రెండేళ్లు పెంచింది. సవరణ ఇక మీదట జరిగే నష్టాన్ని ఆపుతుంది గానీ, అప్పటికే దెబ్బతిన్న చిప్పును బాగు చేయదు. అమ్మే మనిషి బయోస్ ఎప్పుడు అప్‌డేట్ చేశాడో మనకెలా తెలుస్తుంది? 12వ తరానికి ఈ బెడద లేదు.

ఎల్‌జీఏ 1851లో కోర్ అల్ట్రా 200ఎస్ సిరీస్ నడుస్తుంది, డీడీఆర్5 మాత్రమే. వీడియో ఎడిటింగ్, కంపైలింగ్ లాంటి పనుల్లో 265కే గట్టి ప్రాసెసరే, కరెంటు కూడా 14వ తరం కంటే పొదుపుగా వాడుతుంది. గేమ్స్ కోసమైతే ఏఎం5లోని ఎక్స్3డీ చిప్పులదే పైచేయి. ఇంటెల్ సాకెట్‌లు ఎంతకాలం నిలిచాయో పైన చూశాం కదా, అందుకే తర్వాత అప్‌గ్రేడ్ చేద్దామన్న లెక్కతో మాత్రం ఇది కొనకండి. కొన్నప్పుడే కావాల్సినది కొనుక్కుని అలాగే వాడుకునేవాళ్లకు పర్వాలేదు.

కూలర్ సంగతి చాలామంది మర్చిపోతారు. 1156 నుంచి 1200 వరకు స్క్రూ రంధ్రాల మధ్య దూరం 75 మిల్లీమీటర్లు, 1700కి అది 78 అయింది. పాత కూలర్ పట్టాలంటే వేరే బ్రాకెట్ కావాలి. 1700 కూలర్లు 1851కి సాధారణంగా సరిపోతాయి. ఏఎం4 కూలర్లు చాలావరకు ఏఎం5కీ పడతాయి, అయితే బోర్డు వెనక పలకను తీసి తమ సొంత పలక బిగించే రకాలు పడవు. ఏఎం5లో ఆ పలక సాకెట్‌లో భాగం, దాన్ని తీయకూడదు.

ల్యాప్‌టాప్‌లో సాకెట్ లేదుగా, కోడ్ ఎందుకు?

మార్చుకోవడానికి కాదు, పాత చిప్పును కొత్త పేరుతో అంటగడుతున్నారేమో పట్టుకోవడానికి. ఏఎండీ 7000 సిరీస్ ల్యాప్‌టాప్ చిప్పుల్లో ఈ గందరగోళం ఎక్కువ. రైజెన్ 5 7520యూ, 7530యూ, 7535యూ, 7540యూ: చదివితే అన్నదమ్ముల్లా ఉన్నాయి. వీటిలో మూడో అంకె అసలు నిర్మాణాన్ని చెబుతుంది. 2 ఉంటే జెన్ 2, 3 ఉంటే జెన్ 3 లేదా జెన్ 3+, 4 ఉంటే జెన్ 4. ప్యాకేజీ కోడ్ చూసినా కొంత బయటపడుతుంది. 7530యూది ఎఫ్‌పీ6, అంటే 5000 సిరీస్ ల్యాప్‌టాప్ చిప్పులు వాడిన ప్యాకేజే. 7535యూది ఎఫ్‌పీ7. 7520యూది ఎఫ్‌టీ6, దీనికి ఎల్‌పీడీడీఆర్5 ర్యామ్ మాత్రమే పడుతుంది, అది బోర్డుకే అతికించి వస్తుంది. "తర్వాత ర్యామ్ పెంచుకోవచ్చు సార్" అని షోరూమ్‌లో ఎవరైనా అంటే నవ్వి ఊరుకోండి. 8 జీబీతో కొంటే చివరిదాకా 8 జీబీయే.

ఇంటెల్‌లో ప్యాకేజీ కోడ్ అంత సాయం చేయదు. ఐ5-1235యూ, ఐ5-12500హెచ్ రెండూ బీజీఏ 1744లోనే ఉన్నాయి, వేగంలో మాత్రం బాగా తేడా. అక్కడ చివరి అక్షరాన్నే నమ్ముకోవాలి. హెచ్‌ఎక్స్ అని ఉంటే డెస్క్‌టాప్ చిప్పునే బీజీఏ ప్యాకేజీలో పెట్టారని అర్థం. వేగంగా ఉంటుంది, చార్జర్ మాత్రం ఎప్పుడూ బ్యాగులో ఉండాలి.

ఎస్పీ రోడ్డు కౌంటర్ దగ్గర

కె.ఆర్. మార్కెట్ మెట్రో స్టేషన్‌లో దిగి నడిచి వెళ్లడం మంచిది. కారేసుకుని టౌన్ హాల్ వైపు వెళ్తే పార్కింగ్ వెతకడంలోనే సగం పూట పోతుంది. హిందీ, కన్నడ, ఇంగ్లీషు కలిపి బేరం నడుస్తుంది, తెలుగు అర్థమయ్యేవాళ్లకూ కొదవ లేదు.

ఒకే ప్రాసెసర్‌కు రెండు షాపుల్లో రెండు ధరలు చెబితే ముందు "బాక్సా, ట్రేనా?" అని అడగండి. ట్రే పీస్‌కు డబ్బా ఉండదు, వారంటీ చాలాసార్లు కంపెనీది కాక అమ్మినవాళ్లదే అవుతుంది. ఏఎండీ అట్ట పెట్టె మీద పార్ట్ నంబర్ చివర డబ్ల్యూఓఎఫ్ ఉంటే కూలర్ లేదని, ఎంపీకే ఉంటే అసెంబుల్ చేసే షాపుల కోసం కూలర్‌తో కలిపి ఇచ్చే ప్యాక్ అని గుర్తు. ఎంపీకే కొనడంలో తప్పు లేదు, వారంటీ ఎంతకాలమో, ఎవరిస్తారో బిల్లు మీద రాయించుకోండి. ప్రాసెసర్ మూత మీద "ఇంటెల్ కాన్ఫిడెన్షియల్" అని చెక్కి ఉన్నా, మోడల్ పేరు లేకుండా క్యూతో మొదలయ్యే నాలుగక్షరాల కోడ్ మాత్రమే ఉన్నా అది పరీక్షల కోసం తయారైన నమూనా. ఎంత తక్కువకిచ్చినా వద్దు.

ఎల్‌జీఏ బోర్డు కొంటుంటే డబ్బు ఇచ్చేముందే అక్కడే డబ్బా తెరిపించి, సాకెట్ మీది నల్ల ప్లాస్టిక్ మూత తీయించి, ఫోన్ టార్చ్ ఏటవాలుగా వేసి చూడండి. పిన్నులన్నీ ఒకే వరుసలో మెరవాలి, ఎక్కడైనా ఒక్కటి వేరేగా మెరిస్తే ఇంకో పీస్ అడగండి. వంగిన పిన్నులకు మదర్‌బోర్డు కంపెనీలు సాధారణంగా వారంటీ ఇవ్వవు. ప్రాసెసర్ బిగించాక ఆ మూతను పారేయకుండా డబ్బాలో వేసి దాచండి, బోర్డు సర్వీసుకు పంపేటప్పుడు అది లేకపోతే తీసుకోరు. ఏఎం4 అయితే పిన్నులు ప్రాసెసర్‌వే కాబట్టి దాన్ని తిప్పి చూస్తే సరిపోతుంది. ఏఎం4లో కూలర్ పీకేటప్పుడు ప్రాసెసర్ దానికే అంటుకుని సాకెట్‌లోంచి ఊడి వస్తుంటుంది. కంప్యూటర్‌ను కాసేపు నడిపి, ఆఫ్ చేసి, ప్రాసెసర్‌కూ కూలర్‌కూ మధ్య రాసిన పేస్ట్ వెచ్చగా ఉండగా కూలర్‌ను అటూ ఇటూ మెల్లగా తిప్పి తీయాలి. కట్టిన పీసీని బస్సులో అనంతపురమో కడపో పంపుతుంటే పెద్ద టవర్ కూలర్‌ను విప్పి విడిగా ప్యాక్ చేయండి. అది కుదరకపోతే, బోర్డు నేలకు సమాంతరంగా, కూలర్ పైకి నిలబడి ఉండేలా క్యాబినెట్‌ను పడుకోబెట్టి పంపండి.